ధాన్యపు రేవులో ఒక ఆదివారం

ఈ రోజు ఇంటి పనులు పక్కన పెట్టి, బ్రసెల్స్ నుండి అరగంట రైలు ప్రయాణం చేసి గెంట్ నగరానికి వెళ్ళాను. కోరెన్‌మార్క్ట్‌లో ట్రామ్ దిగి, సెయింట్ మైకేల్ వంతెన దాటి, లైయె నది పడమటి గట్టున ఉన్న కోరెన్‌లై రేవు మీద చాలాసేపు కూర్చున్నాను. ఎదురుగా, అవతలి గట్టున గ్రాస్‌లై రేవు. అక్కడి భవనాలలో కొన్నింటిని 1913 నాటి ప్రపంచ ప్రదర్శన కోసం బాగుచేశారనీ, మేస్త్రీల సంఘపు ఇల్లు ఆ రోజుల్లో కట్టిన నకలేననీ చదివినప్పుడు మనసు కొంచెం చిన్నబోయింది గానీ, వాటి మధ్యనున్న బూడిదరంగు గాదెను చూడగానే ఆ వెలితి తీరింది.

సుమారు 1200 ప్రాంతంలో టూర్నే పట్టణపు సున్నపురాయితో కట్టిన ఆ ధాన్యాగారాన్ని స్పైకర్ అంటారు. ఉత్తర ఫ్రాన్సు నుండి ఈ నది మీద వచ్చే ధాన్యంలో నాలుగో వంతును ఊరిలోనే నిలవ చేయించుకునే హక్కు మధ్యయుగంలో గెంట్‌కు ఉండేది. ఇంగ్లండు ఉన్నితో బట్టలు నేసి బతికిన ఊరు ఇది. పొద్దంతా మగ్గం మీద ఉండే మనిషి పొలం దున్నలేడు కనుక, ఆ వేలాది ఇళ్ళలో పొయ్యి వెలగాలంటే ఈ గాదె నిండి ఉండాలి. నాకు ఈ రేవులో అన్నిటికంటే అందమైనది అదే.

గాదెను ఆనుకుని, సందులో ఇరికించినట్టుగా 1682 నాటి చిన్న సుంకం ఇల్లు ఉంది. దాని పక్కన 1698లో కట్టిన ధాన్యం కొలిచేవారి సంఘపు ఇల్లు. కుంచంతో వడ్లు కొలుస్తూ మొదటి కొలతను 'ఒకటి' అనకుండా 'లాభం' అని లెక్క మొదలుపెట్టే మా తాతయ్య అక్కడ గుర్తుకు వచ్చారు.

మధ్యాహ్నం అవతలి గట్టుకు వెళ్ళి, 1531 నాటి స్వేచ్ఛా పడవవారి సంఘపు ఇంటి ముందు నిలబడ్డాను. తలుపు పైన రాతిలో చెక్కిన ఓడను తల ఎత్తి, మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. ఊరి లోపలి నీళ్ళ మీద సరుకు నడిపే హక్కు ఈ సంఘానిదే. ఆ హక్కు లేని పడవవారు పొలిమేరలోనే తమ సరుకును వీరి పడవలలోకి మార్చవలసి వచ్చేది. తమ చేతులతో అంత దూరం తెచ్చిన సరుకును ఊరు కనిపిస్తుండగా పరాయి పడవకు ఎత్తిన ఆ మనుషుల మీద నాకు ఇప్పటికీ జాలి కలుగుతుంది.

హక్కు లేని ఆ పడవవారి సంఘపు ఇల్లు నేను ఉదయం కూర్చున్న కోరెన్‌లై మీదే ఉంది. అప్పుడు దానికి వీపు పెట్టి కూర్చున్నందువల్ల గమనించలేదు. 1739లో కట్టిన ఆ ఇంటి కొప్పు మీద, గాలి వాటం తెలిపే బంగారు పూత ఓడ ఒకటి నిలిచి ఉంది. రైలుకు వేళయ్యేదాకా ఈ గట్టు మీద నుండి దాన్నే చూస్తూ ఉండిపోయాను.