మండపం తడి చెత్త, కార్పొరేషన్‌తో ఒప్పందం: నా అనుభవం

నెల్లూరులో మాకు కల్యాణ మండపం ఉంది. ముహూర్తాల రోజుల్లో విస్తరాకులు, మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు కలిపితే వంద కిలోలు ఇట్టే దాటిపోతాయి. మేం మొదలుపెట్టినప్పుడు అమల్లో ఉన్న 2016 ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం రోజుకు సగటున 100 కిలోలు దాటే సంస్థలు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చాలి. పార్కింగ్‌కు పోగా మాకు ఖాళీ జాగా లేదు. అందుకని వీధిలోని రెండు హోటళ్ల వాళ్లతో కలిసి కార్పొరేషన్‌కు అర్జీ పెట్టాం: ఎరువు తయారీకి స్థలం మీరివ్వండి, ఖర్చు మేం పెట్టుకుంటాం అని.

నిబంధన ఒక్కటే కారణం కాదు. 2021 నవంబర్‌లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. ఒక్క వరదను చూపించి ఇదే వాతావరణ మార్పు అని తేల్చలేం. అయినా గాలి వేడెక్కేకొద్దీ తేమను ఎక్కువ పట్టుకుంటుంది, కుండపోతలు పెరుగుతాయి. మన అన్నం, ఆకులు డంపింగ్ యార్డులో గాలి ఆడకుండా కుళ్లితే మీథేన్ అనే వాయువు పుడుతుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడిని పెంచుతుంది. పెళ్లి భోజనం వెనక ఇంత ఉందని తెలిశాక ఊరుకోలేకపోయాను.

మొదటి సమావేశంలో ఒక హోటల్ ఆయన చెత్త డబ్బాలు కొనిస్తామన్నారు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారు, ‘డబ్బాలు ఉన్నాయి సార్. మీ వంటింటి నుంచి చెత్త విడిగా వస్తే అంతకంటే ఏమీ వద్దు’ అన్నారు. వ్యాపారులు ఇవ్వాల్సిన అసలు వాటా అదేనని నా అభిప్రాయం. విరాళం ఇచ్చి ఫొటో దిగడం తేలిక, విడదీయడమే కష్టం.

పంక్తి లేవగానే శుభ్రం చేసే కుర్రాళ్లు ఆకు, నీళ్ల సీసా, ఐస్‌క్రీమ్ కప్పు అన్నీ కలిపి చుట్టేసేవారు. చేతులు కడిగేచోట రెండు డబ్బాలు పెట్టినా లాభం లేకపోయింది, ఎందుకంటే అతిథులు ఆకు తీయరు. మా వంటమేస్త్రి, ‘అన్నా, వడ్డన చూసుకోవాలా, సీసాలు ఏరుకోవాలా?’ అన్నాడు. న్యాయమైన మాటే. సీసాలు, కప్పులు ముందు ఏరడానికి విడిగా మనుషుల్ని పెట్టి, ఆ తర్వాతే ఆకులు తీయిస్తున్నాం. నీళ్లకు స్టీలు గ్లాసులు తెచ్చాం. రసం, సాంబారు వడగట్టాకే అన్నం డ్రమ్ములోకి వెళ్తుంది. నీళ్లు ఎక్కువైతే గాలి ఆడక కంపోస్టు పులిసి కంపు కొడుతుంది.

రాత్రి భోజనాలు ముగిసేసరికి అర్ధరాత్రి, బండి వచ్చేది పొద్దున. ఈలోపు కుక్కలు, ఎలుకలు. దానికి మూతల డ్రమ్ములు కొన్నాం, బుకింగ్ పుస్తకం చూసి ముహూర్తాల పట్టికను నెల మొదట్లోనే ఇన్‌స్పెక్టర్ గారికి ఇస్తున్నాం, ఆ రోజుల్లో బండి ముందుగా మా దగ్గరికే వస్తుంది. ఒప్పందం ప్రకారం పార్కు మూల ఎరువు షెడ్డు, బండి కార్పొరేషన్‌వి. ఆకులు తరిగే మిషను, కొబ్బరి పొట్టు, కుప్ప తిరగేసే ఇద్దరక్కల కూలి మావి. ఎవరి వాటా ఏమిటో కాగితం మీద ఉంది కాబట్టే మాట తేడా రాలేదు. తయారైన ఎరువును పొదలకూరు వైపు నిమ్మతోటల రైతులు తీసుకెళ్తున్నారు.

ఇండోర్‌లో ఇదే పద్ధతి ఎంతో పెద్ద ఎత్తున నడుస్తోంది. 2022 ఫిబ్రవరిలో మొదలైన ప్లాంటుకు పెట్టుబడి ప్రైవేటు కంపెనీది, విడదీసిన తడి చెత్త నగరానిది. రోజుకు 550 టన్నుల చెత్త నుంచి 17 టన్నుల గ్యాస్ తీసే సామర్థ్యంతో అది మొదలైంది. అక్కడా ఇళ్లలో విడదీయకపోతే యంత్రం ఏమీ చేయలేదు.

మా ఒప్పందం ఏడాదికే. పొడిగింపు అర్జీలో వాడేసిన వంటనూనెను బయోడీజిల్‌కు పంపే ఏర్పాటు కూడా కలపమని అడిగాం. మీ ఊళ్లో ఎవరైనా ఇలా మొదలుపెట్టాలనుకుంటే, ముందు ఒక పెద్ద పెళ్లి చెత్తను విడివిడిగా తూకం వేయించి ఆ కాగితం అర్జీకి జతచేయండి. అది లేకపోతే షెడ్డు ఎంత ఉండాలో, బండి ఎన్నిసార్లు రావాలో ఎవరూ చెప్పలేరు.