రాళ్ళలో రాజులు, అడవిలో అల్లుడు

అహోబిలం వెళ్ళింది మొక్కు తీర్చుకోవడానికి కాదు, శాసనాలు చూడటానికి. ఆళ్ళగడ్డలో బస్సు మారి దిగువ అహోబిలం చేరేసరికి భోగి సాయంత్రమైంది. పండగ రద్దీలో సత్రంలో గది దొరకడమే గగనమైంది.

రాజుల సంగతి తొందరగానే తేలింది. రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికీ ఇక్కడికీ మెట్లు కట్టించాడు. ఆయన ఆస్థానకవి ఎర్రన ఈ క్షేత్రం కథనే కావ్యం చేశాడు. 1515లో కళింగ దండయాత్ర సమయంలో కృష్ణదేవరాయలు వచ్చి నగలు, వరహాలు సమర్పించాడు. 1579లో గోల్కొండ సేనలు కొల్లగొడితే, ఐదారేళ్ళకు శ్రీరంగరాయల కాలంలో ఆలయం మళ్ళీ విజయనగరం చేతికి వచ్చింది.

ఊళ్ళో చెప్పుకునే కథ ఇంకొకటి ఉంది. కాకతీయ ప్రతాపరుద్రుడు బంగారు శివలింగం పోతపోయిస్తే నరసింహుడి రూపం వచ్చిందట. దాన్ని అహోబిల మఠం మొదటి జీయరుకు, అంటే పీఠాధిపతికి, ఇచ్చేశాడట. వినడానికి బాగుంది కానీ, ప్రతాపరుద్రుడు ఢిల్లీ సేనలకు చిక్కింది 1323లో, మఠం వెలసింది ఆ శతాబ్దం చివర్లో. ఆ మాట అర్చకులతో అనబోయి ఊరుకున్నాను. పండగపూట ఎందుకు!

సంక్రాంతినాడు ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి గుడికి నడిచాను. భవనాశి వాగులో నీళ్ళు తగ్గి బండలు తేలి ఉన్నాయి. వెదురు పొదలు దాటాక దారి పక్కన ఒక దిరిసెన చెట్టు, ఆకులకన్నా ఎండిన కాయలే ఎక్కువ. గాలి తగిలితే చాలు, చెట్టంతా గలగలమంది. అక్కడే ఆగిపోయాను. ఇంచుమించు 8వ శతాబ్దంలో తమిళ వైష్ణవ భక్తకవి తిరుమంగై ఆళ్వారు ఈ కొండను పాడిన పాశురాల్లో (పద్యాల్లో) ఉన్నది ఈ చప్పుడే: దిరిసెన కాయల మోత, వెదుళ్ళు ఒరుసుకుని పుట్టిన మంటకు ఎర్రబడిన ఆకాశం, విల్లంబులు పట్టిన వేటగాళ్ళు, దేవుళ్ళకు తప్ప ఇతరులకు చేరరాని చోటు. రెడ్డిరాజుల మెట్లకు కొన్ని వందల ఏళ్ళ ముందే ఈ అడవికి ఒక సాక్షి ఉన్నాడన్నమాట. రాళ్ళ కోసం వచ్చిన నాకు అసలు ఆధారం చెట్టు మీద దొరికింది.

ఇక మెట్లు నిటారుగా ఎక్కాలి. పైన కొండచరియ కింద గుడి, దాని ముందు పైనుంచి సన్నగా రాలే నీటిధార. లోపల హిరణ్యకశిపుణ్ణి చీలుస్తున్న మూర్తి పక్కనే, కంభంలోంచి అప్పుడే వెలువడుతున్న నరసింహుడు. దీపం వెలుగులో ఆ రెండోదే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది.

కనుమనాడు పారువేట మొదలు. ఎగువ నుంచి జ్వాలా నరసింహుడు, దిగువ నుంచి ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకీలో బయలుదేరి, సుమారు నలభై రోజుల పాటు ముప్పైకి పైగా ఊళ్ళు తిరుగుతారు. ఫాల్గుణ మాసంలో జరిగే తన పెళ్ళికి స్వామి తానే ఇంటింటివాళ్ళనూ పిలుచుకుంటాడని నమ్మకం. రాయలసీమలో అహోబిలం పేరు మీదుగా వచ్చిన ఓబులేసు, ఓబులమ్మ అనే పేర్లు అన్ని ఎందుకున్నాయో ఆ జనాన్ని చూస్తే అర్థమవుతుంది.

పల్లకీ కదిలే ముందు ఈ అడవిలో ఉండే చెంచులు దానివైపు బాణాలు వేస్తారు. నేను చూసిన శాసనాల్లో వాళ్ళ ఊసు ఒక్క వరుసలోనూ తగల్లేదు. ఇక్కడ మాత్రం వాళ్ళు విల్లు ఎక్కుపెట్టందే స్వామికి ప్రయాణం లేదు. స్వామి పెళ్ళాడిన చెంచులక్ష్మి వాళ్ళ ఇంటి పిల్ల మరి. జనం పలచబడ్డాక, వెదురు విల్లు భుజాన వేసుకుని నిలబడ్డ ఒక పెద్దాయనను అడిగాను, దేవుడి మీదకు బాణం వేయడమేమిటని.

"మా పిల్లను తీసుకుపోయినవాడు కదా సారూ," అన్నాడు. "అల్లుడైతే మాత్రం ఊరికే పోనిస్తామా?"