ఏ కంపెనీ పెట్రోలు మంచిది?

పదేళ్లుగా ఒకే కంపెనీ బంకుల్లో పెట్రోలు కొట్టిస్తున్నా. వేరే బోర్డు కనిపిస్తే బండి ఆపేవాణ్ణే కాదు. మొన్నటి వానల్లో ఆ నమ్మకం కదిలిపోయింది. ఎప్పుడూ వెళ్లే బంకులోనే రెండు లీటర్లు కొట్టించా. కిలోమీటరు దాటకుండానే బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మెకానిక్ అన్న ట్యాంకులోది సీసాలోకి వంపితే కాసేపటికి అడుగున వేరే పొర కనిపించింది.

"నీళ్లు తమ్ముడూ. కంపెనీని కాదు, బంకును చూసుకో" అన్నాడు.

నిజమే. ఇండియన్ ఆయిల్, హెచ్‌పీ, భారత్ పెట్రోలియం ఒకరి రిఫైనరీ సరుకు ఇంకొకరు తీసుకోవడం మామూలే. 2020 ఏప్రిల్ 1 నుంచి అందరికీ ఒకటే బీఎస్-6 (కాలుష్యం తగ్గించే భారత్ స్టేజ్) ప్రమాణం. గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. కంపెనీల మధ్య తేడా ఎక్కువగా వాళ్లు కొద్దిగా కలిపే అడిటివ్‌లు అనే రసాయనాల్లోనే.

అసలు తేడా బంకు భూమిలోపలి ట్యాంకు దగ్గర వస్తుంది. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ అనే ఆల్కహాల్ ఉంటోంది. అది నీటిని లాక్కుంటుంది. మూతలోంచో పగుల్లోంచో వాన నీరు ఎక్కువగా దిగితే, ఇథనాల్ నీటితో కలిసి విడిపోయి అడుగుకు చేరుతుంది.

ఫిల్టర్ పేపర్ పరీక్ష అడగడం మన హక్కు. ఆ కాగితంపై వేసిన పెట్రోలు చుక్క ఆరాక మరక మిగిలితే కల్తీ అని అనుమానించాలి. కానీ నీళ్లను పట్టుకోవడానికి అది చాలదు. అందుకే ఇప్పుడు పెద్దవాన పడ్డ మర్నాడు, ట్యాంకులో నీళ్లు చూశారా అని బంకులో అడిగాకే బండి మూత తీస్తున్నా.