మరగబెట్టి చల్లార్చిన నీళ్లు

మా అబ్బాయి ముక్కు మీద అడ్డంగా ఒక సన్నని గీత ఉంది. దాన్ని మొదట కనిపెట్టింది మా అత్తమ్మ, అదీ వీడియో కాల్‌లో. "ముక్కు మీద ఆ గీత ఏమిటి బిడ్డా, ఏమైనా గీసుకుపోయిందా?" అని అడిగారు. రోజూ ఎదురుగా చూస్తున్న నాకు అది కనిపించనే లేదు. అరచేతితో ముక్కు కొనను పైకి తోసుకోవడం వాడికి అలవాటు. అలా నెలల తరబడి తోస్తూ ఉంటే అక్కడ చర్మం మడత పడి గీత ఏర్పడుతుందని, అలర్జీ ఉన్న పిల్లల్లో డాక్టర్లు వెతికే గుర్తుల్లో అదొకటని తర్వాత తెలిసింది. కళ్ల కింద నల్లటి వలయాలు కూడా అలాంటి గుర్తే. ఆ వలయాలు చూసి అత్తమ్మ దిష్టి తీయమన్నారు. ఆ రాత్రి ఉప్పుతో దిష్టి తీశాను, మరునాడు ఉదయం డాక్టరుకు ఫోను చేశాను. రెండూ మనస్ఫూర్తిగానే చేశాను.

మాది నల్లగొండ జిల్లా. నేను పెరిగింది మిర్యాలగూడలో, అత్తగారి ఊరు దేవరకొండ వైపు. 2012లో డాలస్ వచ్చాం. బాబు ఇక్కడే పుట్టాడు, ఇప్పుడు వాడికి పదకొండేళ్లు. రైస్ మిల్లుల ఊక దుమ్ములో ఆడుకుంటూ పెరిగిన నాకు చిన్నప్పుడు తుమ్ము అంటే శకునమే తప్ప జబ్బు కాదు. ఒక తుమ్ము వినబడితే గడపలో ఆగి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి బయలుదేరేవాళ్లం. ఇక్కడికి వచ్చిన అయిదో ఏట నాకూ కళ్ల దురద, ముక్కు దిబ్బడ మొదలయ్యాయి. వలస వచ్చినవారికి మొదట్లో అలర్జీలు తక్కువగా ఉంటాయని, ఏళ్లు గడిచే కొద్దీ పెరుగుతాయని అమెరికాలో పరిశోధకులు గమనించారు. నా ఒంటి మీద ఆ మాట నిజమైంది.

మనకు కార్తెలు ఉన్నట్టే ఇక్కడ పుప్పొడికి కాలాలు ఉన్నాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మౌంటెన్ సెడార్. ఆ చెట్లు మధ్య టెక్సస్ కొండల్లో ఉంటాయి, దక్షిణపు గాలి వీస్తే పొడి మా దాకా వస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఓక్. తర్వాత గడ్డి. ఆగస్టు నడుమ నుంచి చలి పడేదాకా రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క. మా అబ్బాయికి మృగశిర, ఆర్ద్ర తెలియవు గానీ ఈ వరుస కంఠతా వచ్చు. ఒళ్లు ఆ పొడిని శత్రువుగా పొరబడి హిస్టమిన్‌ను విడుదల చేస్తుంది, దాంతో తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు, దురద. జలుబైతే వారం, పది రోజుల్లో తగ్గుతుంది. ఇది చెట్టు పూత అయ్యేదాకా పోదు. జ్వరం ఉండదు, దురద మాత్రం వదలదు. ఈ తేడా అర్థం కావడానికి నాకే రెండేళ్లు పట్టింది, ఇక ఊళ్లో పెద్దవాళ్లను ఏమనగలను?

నాలుగేళ్ల కిందట అత్తమ్మ, మామయ్య ఆరు నెలలు ఉండటానికి మార్చిలో వచ్చారు. సరిగ్గా ఓక్ పూత కాలం. కార్ల మీద, మెట్ల మీద పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి పేరుకుని ఉంది. అత్తమ్మ తెల్లవారగానే కిటికీలన్నీ తెరిచేవారు. "రాత్రంతా మూసి ఉన్న ఇల్లు బిడ్డా, గాలి ఆడాలి" అనేవారు. ఆరబెట్టే యంత్రం ఆవిడకు నచ్చలేదు. దుప్పట్లు, దిండు గలేబులు పెరట్లో కంచె మీద ఎండకు వేసేవారు. ఇవేవీ తప్పు పనులు కావు. ఆవిడ ఇంట్లో, ఆవిడ ఊళ్లో అవి ఇల్లాలు చేయాల్సిన పనులు. కానీ ఆ రెండు నెలలు ఇక్కడ కిటికీ తెరిస్తే పుప్పొడి నేరుగా మంచం మీదికి వస్తుంది, కంచె మీద ఆరిన గలేబు మీద తల పెట్టి పడుకుంటే పిల్లవాడి ముక్కు తెల్లవారేసరికి పూర్తిగా మూసుకుపోతుంది.

అసలు గొడవ తలస్నానం దగ్గర వచ్చింది. సాకర్ ఆడి వచ్చాక వాడికి తలకు పోయాలి, బట్టలు మార్చాలి. లేకపోతే జుట్టులోని పొడి అంతా దిండు మీదికి చేరుతుంది. "జలుబుతో ఉన్న పిల్లవాడికి పొద్దుగూకాక తలస్నానమా?" అని అత్తమ్మ అడ్డు నిలబడ్డారు. నేను జలుబు కాదని చెబుతున్నాను, ఆవిడ కారుతున్న ముక్కును చూపిస్తున్నారు. వాడు మా ఇద్దరి మధ్య నిలబడి తుమ్ముతున్నాడు. మాటలతో లాభం లేదని తెల్లటి చేతి తువ్వాలు తడిపి వాడి జుట్టు మీద గట్టిగా తుడిచి ఆవిడ చేతికిచ్చాను. తువ్వాలు మీద పచ్చటి మరక. అత్తమ్మ దాన్ని కిటికీ వెలుగులోకి తీసుకుపోయారు, బొటనవేలికి రాసుకుని చూపుడువేలితో నలిపి చూశారు, వాసన చూశారు. "మక్కజొన్న చేలో నడిస్తే భుజాల మీద రాలుతుంది చూడు, అదే ఇది" అన్నారు. ఎంత సరిగ్గా చెప్పారో నాకు ఆ రాత్రి ఆలోచిస్తే తెలిసింది. మక్కజొన్న పుప్పొడి కూడా గాలికి ఎగిరేదే. జీవితమంతా చేలో గడిపిన మనిషికి నేను చెప్పిన డాక్టరు మాటలకంటే ఆ పచ్చటి పొడి ఎక్కువ చెప్పింది.

ఆ రోజు నుంచి వాడి తలస్నానం సాయంత్రం ఆరింటికి, అన్నానికి ముందు. తల తుడిచే పని నానమ్మది. మామయ్యది ఒక పాత నూలు కండువా తీసుకుని ఆవిడ కుదుళ్లు ఆరేదాకా తుడిచేవారు, తుడుస్తూ కథ చెప్పేవారు. వాడికి తెలుగు ఆ కండువా కింద ఎక్కువ వచ్చింది. సాంబ్రాణి పొగ మాత్రం వద్దన్నాను. ఏ పొగ అయినా ఉబ్బిన ముక్కును, ఊపిరితిత్తులను ఇంకా రేపుతుంది. శుక్రవారం సాంబ్రాణి వెనక వరండాలోకి మారింది. ఎండుమిరపకాయల పోపు వేసేటప్పుడు పొయ్యి మీది ఫ్యాన్ తప్పకుండా వేయాలన్న నియమం కూడా అప్పుడే వచ్చింది.

ఆవిరి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది చదివే ప్రతి ఇంట్లోనూ ఆ గిన్నె ఉంటుంది. మరిగే నీళ్లలో వాము, పసుపు వేసి, దుప్పటి కప్పి కూర్చోబెట్టడం మనందరం చిన్నప్పుడు చేయించుకున్నదే. మా ఇంట్లో ఒక రాత్రి వాడి మోకాలు తగిలి గిన్నె ఒరిగింది. నీళ్లు తివాచీ మీద పడ్డాయి, నాలుగు చుక్కలే వాడి తొడ మీద పడ్డాయి. ఆ నాలుగు బొబ్బలు చూసి నా చేతులు వణికాయి. ఆవిరి గిన్నెల వల్ల పిల్లలకు కాలిన గాయాలు కావడం ఆసుపత్రుల వాళ్లకు బాగా తెలిసిన సంగతి. ఆవిరి అలర్జీని తగ్గించదు, కాసేపు హాయిగా మాత్రం ఉంటుంది. ఆ హాయికి ఇప్పుడు స్నానాల గది తలుపు మూసి, వేడినీళ్ల షవర్ తిప్పి, పక్కన బల్ల వేసుకుని పది నిమిషాలు కూర్చుంటాం. కర్పూరం, వాము కలిపి మూట కట్టి పిల్లల మెడలో వేయడం కూడా మానేయాలి. కర్పూరం మింగితే పిల్లలకు ఫిట్స్ వస్తాయి. చంటిపిల్లలున్న ఇంట్లో అది చేతికి అందే చోట ఉండకూడదు.

మిరియాల చారు మా ఇంట్లో ఏడాది పొడవునా ఉంటుంది. మిరియాల ఘాటుకు ముక్కు కాసేపు వదులవుతుంది, వేడికి గొంతు హాయిగా ఉంటుంది. అంతకుమించి నేను దాని మీద భారం వేయను. తేనె గురించి మాత్రం రెండు దేశాలూ ఒకే మాట చెప్పడం నాకు ఆశ్చర్యం కలిగించింది. మా పొరుగింటి అమెరికన్ ఆవిడ స్థానికంగా పట్టిన తేనె రోజుకో చెంచా ఇవ్వమన్నారు. మామయ్యేమో అచ్చంపేట నుంచి నల్లమల చెంచులు తీసిన తేనె తెప్పించి సీసాలో పంపారు. తేనెటీగ తెచ్చేది పూలలోని బరువైన, జిగురు పుప్పొడి. మన ముక్కులోకి వచ్చేది గాలికి ఎగిరే చెట్లది, గడ్డిది. అందుకే ఆ తేనె తిన్నా ఈ తుమ్ము ఆగదు. దగ్గుకు, గొంతు గరగరకు తేనె మంచిదే, కానీ ఏడాది నిండని బిడ్డకు చుక్క కూడా నాకించకూడదు.

అలర్జీ డాక్టరు "ఇంట్లో ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగినప్పుడు నేను లేదన్నాను. ఎందుకు అబద్ధం చెప్పానో ఇప్పటికీ బాధగా ఉంటుంది. మా అబ్బాయి ఒక్కక్షణం నా ముఖం చూసి, నానమ్మ మిరియాల చారు, వాము, పసుపు పాలు ఇస్తుందని, ఊరి నుంచి వచ్చిన ఒక నల్లటి లేహ్యం కూడా తిన్నానని వరసగా చెప్పేశాడు. డాక్టరు చారు, పసుపు పాలు ఇవ్వవచ్చన్నారు. లేహ్యం పేరు, అందులో ఏమున్నాయి అని అడిగారు. సీసా మీద చీటీ లేదు. మన దేశం నుంచి తెచ్చుకున్న కొన్ని మందుల్లో సీసం బయటపడిన సంగతి ఆవిడ చెప్పారు. ఇంటికి వచ్చి ఆ సీసా పారేశాను. ఇంటి వైద్యం దాచాల్సినది అని నేను నా ముఖంతోనే బిడ్డకు నేర్పబోయాను, వాడు నేర్చుకోలేదు. ఆ రోజు వాడి మీద నాకు కలిగిన గౌరవం మాటల్లో చెప్పలేను.

రాగ్‌వీడ్ కాలంలో ఇవేవీ చాలవు. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే పని చేయడానికి రోజులు పడుతుంది కాబట్టి ఆగస్టు మొదటి వారంలోనే డాక్టరు చెప్పినట్టు మొదలుపెడతాం. ముక్కు దిబ్బడ వెంటనే వదిలించే స్ప్రేలు వేరు. వాటిని మూడు రోజులు దాటి వాడితే దిబ్బడ తిరిగి ఎక్కువవుతుంది. పిల్లికూతలు వినిపించినా, ఊపిరి పీల్చేటప్పుడు పక్కటెముకల దగ్గర చర్మం లోపలికి పోతున్నా, జ్వరంతో పాటు కంటి చుట్టూ వాపు వచ్చినా ఏ చారూ కాచకుండా ఆసుపత్రికి వెళ్లాలి. చిక్కటి చీమిడి పది రోజులైనా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

పోయిన ఏడాది జూన్‌లో ఊరికి వెళ్లాం. మొదటి వారం వాడు ఒక్కసారి కూడా తుమ్మలేదు. "మన గాలి మంచిది" అని అందరూ సంతోషించారు, నాకూ సంతోషం కలిగింది. మా ఆడపడుచు మృగశిర నాడు హైదరాబాదు తీసుకుపోయి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందు వేయిద్దామంది. అందులో ఏముందో ఆ మందు వేసే కుటుంబం బయటకు చెప్పదు కాబట్టి నేను వద్దన్నాను. ఆమె కాసేపు ముఖం ముడుచుకుంది, మరునాడు మామూలైంది. తర్వాత ఒకరోజు మామయ్య వెంట వాడు కాలువ గట్టు మీదికి వెళ్లాడు. తొలకరి పడి గట్టంతా పచ్చగా ఉంది. క్యారెట్ ఆకులాంటి చీలికల ఆకు, చిన్న చిన్న తెల్లటి పూలు. తిరిగి వచ్చేసరికి కళ్లు ఎర్రబడి, తుమ్ముల మీద తుమ్ములు.

అది వయ్యారిభామ. 1950ల నడుమ పుణె దగ్గర మన దేశంలో మొదట కనబడ్డ కలుపు, అమెరికా నుంచి దిగుమతైన గోధుమలతో వచ్చిందని చెబుతారు. రాగ్‌వీడ్‌కూ దానికీ దగ్గరి చుట్టరికం, ఒకటి పడని ఒంటికి రెండోదీ పడకపోవచ్చు. వట్టి చేత్తో పీకితే చర్మం కూడా దద్దుర్లు పోస్తుంది, మా ఊరి కూలీల చేతుల మీద ఆ దద్దుర్లు నేను చూశాను. మామయ్యకు ఇదంతా వివరించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాడి తల మీద చెయ్యి వేసి "కొడుకా, మీ ఊరి గడ్డి మా ఊరికి ముందే వచ్చిందన్నమాట" అన్నారు.

మామయ్య బడిపంతులుగా పని చేసి విశ్రాంతి తీసుకున్నారు. ముప్పై ఏళ్లుగా ఉదయం రాగి కొమ్ముచెంబుతో జలనేతి చేస్తారు, అంటే ఉప్పునీళ్లు ఒక ముక్కులో పోసి రెండోదాంట్లోంచి వదిలి ముక్కు కడుక్కోవడం. మా అబ్బాయికి ఇక్కడ డాక్టరు నేర్పింది కూడా అదే, ప్లాస్టిక్ సీసాతో. మూడు చెంచాల అయోడిన్ లేని ఉప్పు, ఒక చెంచా వంటసోడా కలిపి డబ్బాలో పెట్టుకుంటాం. 120 మిల్లీలీటర్ల నీటికి అందులోంచి అర చెంచా. ఆ నీళ్లు శుద్ధి చేసి సీసాలో అమ్మే డిస్టిల్డ్ వాటర్ అయినా కావాలి, నిమిషం పాటు తెర్లేలా మరగబెట్టి చల్లార్చినవైనా కావాలి. కుళాయి నీళ్లు నేరుగా ముక్కులోకి పోస్తే మెదడును తినే అమీబా చేరే ప్రమాదం ఉంది. అరుదే, కానీ వస్తే ప్రాణం దక్కడం కష్టం. కేరళలో 2024, 2025లలో ఆ జబ్బు సోకినవారి గురించి పత్రికల్లో చదివాం. మామయ్య ఇన్నేళ్లూ వాడింది బోరు నీళ్లు.

తుమ్ములు వచ్చిన మరునాడు పొద్దున వాకిట్లో ఇద్దరూ నిలబడ్డారు. మామయ్య చెంబు ఎత్తబోతుంటే వాడు ఆయన చెయ్యి పట్టుకుని "తాతా, ఇవి మరగబెట్టినవేనా?" అని అడిగాడు. ఆయన చెంబు దించారు. నీళ్లు జామచెట్టు మొదట్లో పోసి, వంటింట్లోకి వెళ్లి గిన్నె పొయ్యి మీద పెట్టారు. అవి తెర్లేదాకా ఇద్దరూ పొయ్యి దగ్గరే నిలబడి చూశారు, చల్లారేదాకా అరుగు మీద కూర్చున్నారు. తర్వాత తాత మెడ ఎంత వంచాలో, నోటితో ఊపిరి ఎలా తీయాలో వాడికి చూపించారు. ఒక ముక్కులో పోసిన నీళ్లు రెండో ముక్కులోంచి సన్నటి ధారగా వాకిట్లో పడ్డాయి.