మదర్‌బోర్డు పోలేదు

పవర్ లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, స్క్రీను మాత్రం నల్లగానే ఉంది. ఈ పొద్దు అనంతపురంలో బల్ల మీదికొచ్చిన లాప్‌టాప్ ఇది. మదర్‌బోర్డు (లోపలుండే ప్రధాన సర్క్యూట్ బోర్డు) పోయిందని ఎవరో ముందే చెప్పేసినారంట, పాపం.

చార్జర్ పీకి, బ్యాటరీ కనెక్టర్ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు అదిమిపట్టినా మార్పు లేదు. ర్యామ్ (మెమరీ చిప్పులుండే చిన్న పట్టీ) తీస్తే బంగారు రంగు కాంటాక్టుల మీద మసక పొర. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొడి దులిపి, ఏటవాలుగా దూర్చి, క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కితే లోగో వచ్చేసింది!

రెండు ర్యాములుంటే ఒక్కోటే పెట్టి చూడండప్పా. బోర్డుకే అతికించిన ర్యామ్ అయితే ఈ వైద్యం కుదరదు.

అసలు లైటే రాకపోతే ముందు చార్జర్‌ను మీటరుతో చూడాల. గుండ్రటి పిన్నువాటిలో చాలావాటికి 19 వోల్టుల దగ్గర రావాల.