తలుపు తీసేదాకా ఫ్యాన్ ఆగకూడదు

మొన్న ఆదివారం మా పాపని ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ చూపించడానికి తీసుకెళ్లాను. లోపల వంగి వంగి నడవాలి, టార్పెడోల పక్కనే సన్నటి బెర్తులు, ఒకటే ఉక్క. "నాన్నా, ఇంతమంది ఇందులో ఉంటే గాలెక్కడిది?" అని అడిగింది. సబ్‌మెరైన్ అయితే పైకొచ్చి గాలి తీసుకుంటుందమ్మా, స్పేస్‌లోకెళ్లే వాళ్లకి ఆ దారి కూడా లేదు అన్నాను, ఇంక బయటికొచ్చి ఇసుకలో కూర్చున్నా అదే మాట.

అందరూ ఆక్సిజన్ గురించే అడుగుతారు గానీ మనిషికి రోజుకి దాదాపు 0.84 కిలోలు చాలు, స్పేస్ స్టేషన్‌లో అయితే నీళ్లని కరెంటుతో విడగొట్టి తీస్తారు. అసలు తిప్పలంతా మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌తోనే, అది మనిషికి రోజుకి కిలో దాకా వస్తుంది. ఇక్కడైతే వేడి గాలి పైకిపోయి చల్లగాలి ఆ జాగాలోకి వస్తుంది, అక్కడ బరువే తెలీదు కాబట్టి వేడి గాలి పైకి పోదు. పడుకున్న మనిషి వదిలిన గాలి మొహం చుట్టూనే బుడగలా ఉండిపోతుంది, ఫ్యాన్ గాలి తగలకపోతే తలనొప్పితో, ఊపిరాడక లేస్తారు. అందుకే పగలూ రాత్రీ ఫ్యాన్ల చప్పుడే. మే నెల్లో మనకి కరెంటు పోతే కిటికీ తీస్తాం, వాళ్లకి తీయడానికి కిటికీ ఏది?

1970 ఏప్రిల్‌లో చంద్రుడి దగ్గరికి వెళ్తూ దారిలో ఆక్సిజన్ ట్యాంకు పేలిన అపోలో 13 సంగతి ఎన్నిసార్లు చదివినా ఒళ్లు జలదరిస్తుంది నాకు. చంద్రుడి మీద దిగడానికి ఇద్దరి కోసం చేసిన లూనార్ మాడ్యూల్‌లో ముగ్గురు తలదాచుకున్నారు, చెడుగాలిని పీల్చే లిథియం హైడ్రాక్సైడ్ డబ్బాలు అయిపోవస్తున్నాయి, పక్క మాడ్యూల్‌లో బోలెడున్నాయి గానీ అవి చతురస్రం, ఇక్కడి సాకెట్ గుండ్రం. ప్లాస్టిక్ కవర్లు, అట్టముక్కలు, సూట్ గొట్టం, టేపు పెట్టి అతికించి బతికారు. ఒకే ప్రయాణంలో రెండు సైజుల డబ్బాలు పెట్టడం మాత్రం డిజైన్ తప్పే, నేనైతే ఒప్పుకోను.

2024 డిసెంబర్ 6న మన విశాఖ సముద్రంలోనే ఇస్రో, నేవీ కలిసి మన మనుషుల్ని స్పేస్‌లోకి పంపే గగన్‌యాన్ కోసం వెల్ డెక్ ట్రయల్ చేశాయి, ఓడ వెనక భాగంలోకి నీళ్లు నింపి క్యాప్సూల్‌ని అలాగే లోపలికి లాక్కోవడం అన్నమాట. అంటే సముద్రంలో దిగాక కూడా మనవాళ్లు ఆ చిన్న గదిలోనే అలలకి ఊగుతూ కూర్చోవాలి. ఆ వైపు చెయ్యి చూపించి ఇదంతా చెప్తే, పాప కాసేపు నీళ్లకేసి చూసి "తలుపు తీసేదాకా ఫ్యాన్ ఆపరు కదా నాన్నా" అంది.

ఆపరమ్మా అన్నాను.