నొక్కితే నొప్పేనా?

మా ఇంట్లో గ్యాస్ అనే మాట ఎవరూ అనరు. వంటింట్లో దాన్ని కూడా ‘బండ’ అనే అంటాం. తాతయ్య ఛాతీ పట్టుకుని “గ్యాసేలేరా” అని సోడా తెప్పించుకుని తాగి, గంటలో పోయాడు. అప్పటికి ఆయనకి 56.

అందుకే ఇంటర్ సెకండియర్‌లో రొమ్ము ఎముకకి ఎడమ పక్కన పోటు మొదలైతే రెండు రోజులు నోరు విప్పలేదు. గట్టిగా ఊపిరి తీస్తే గుచ్చేది. మూడో రోజు చొక్కా తొడుక్కుంటూ “అబ్బా” అన్నాను. నాయనమ్మ అరచేతిలో వాము నలుపుతూ వచ్చింది కానీ ఆ మాట మాత్రం అనలేదు. నాన్న అప్పటికే బండి తాళాలు తీశాడు. అది 2021 నవంబరు. కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ గుండెపోటుతో పోయి నెల కూడా కాలేదు. 46 ఏళ్లకే, అంత జిమ్ము చేసే మనిషి. అమ్మ ఫోన్ నిండా అవే వీడియోలు.

దారి పొడవునా నాన్న మాట్లాడలేదు. వెనక కూర్చున్న నాకు ఆయన చొక్కా వీపు మీద తడిసి అంటుకుపోవడం కనిపిస్తోంది. నొప్పి కన్నా దానికే భయమేసింది.

ఈసీజీ బాగుంది. అయినా డాక్టరమ్మ వదల్లేదు. పరిగెత్తితే నొప్పి వస్తుందా, ఎప్పుడైనా స్పృహ తప్పావా, గుండె దడదడలాడుతుందా, ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా పోయారా? నాన్న తాతయ్య సంగతంతా చెప్పాడు, చుట్టలతో సహా. “అది మీరు చూసుకోవాల్సిన విషయం” అని, పక్కటెముక వచ్చి కలిసే చోట బొటనవేలితో నొక్కారు. కెవ్వుమన్నాను. ఆవిడ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

“ఇదే. ఇక్కడి మెత్తటి ఎముక వాచింది. కాస్టోకాండ్రైటిస్ అంటారు. బరువులేమన్నా మోస్తున్నావా?”

మోస్తున్నా. లిఫ్టు పాడై మూడు వారాలు. 20 లీటర్ల మంచినీళ్ల టిన్ను భుజాన పెట్టుకుని రోజూ నాలుగో అంతస్తుకి ఎక్కిస్తోంది నేనే. ఇంట్లో ఒక్కరికీ అది తట్టలేదు, నాక్కూడా.

అయిదు రోజులు అన్నం తిన్నాక ఐబుప్రోఫెన్, వేడి కాపడం, బరువు ముట్టుకోకూడదు. పూర్తిగా తగ్గడానికి అయిదు వారాలు పట్టింది. మొదట్లో నాన్న రాత్రుళ్లు వచ్చి నా ఊపిరి చూసి వెళ్లేవాడు. నేను నిద్ర నటించేవాణ్ని. తర్వాత వేలితో నొక్కి “నొప్పేనా?” అనడం మొదలెట్టాడు. “నొప్పే” అంటే గుండెది కాదులే అని హాయిగా వెళ్లి పడుకునేవాడు. కొడుక్కి నొప్పి ఉందంటే సంతోషించిన తండ్రి ఆయనొక్కడే అయ్యుంటాడు.

ఒకరోజు అద్దం ముందు తన ఛాతీ కూడా నొక్కి చూసుకుంటూ దొరికిపోయాడు. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మకి చెప్పేశా. “పెద్దవాళ్లకి ఆ లెక్క పనికిరాదండీ, నొక్కితే నొప్పి పుట్టినా ఈసీజీ తీయాల్సిందే” అంటూ ఆయన చేతికి బీపీ పట్టీ కట్టించారు. 164/102. మరో రెండు సార్లు వేరే రోజుల్లో చూసినా దాదాపు అంతే.

ఇప్పుడు పొద్దున్నే మాత్ర వేసుకునేది నాన్న. టిన్ను నీళ్లబ్బాయే పైకి తెచ్చి పెడుతున్నాడు, పది రూపాయలు ఎక్కువ తీసుకుని.